రేంజర్: ఢిల్లీ నేల మీద ఉపవర్గం, పోరు శైలి ఎంపిక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రపోషణ ఆటలో ఎంచుకోదగిన పాత్ర వర్గాల్లో రేంజర్ ఒకటి. అడుగుజాడలు పట్టడం, అడవిలో బతకడం, విల్లో కత్తో పట్టి పోరాడటం, తోడుగా కొద్దిపాటి ప్రకృతి మంత్రాలు: ఇదీ ఆ వర్గం సరుకు. తెలుగు ఇళ్లలో రేంజరు గారు అంటే ఖాకీ దుస్తులు, అటవీ శాఖ జీపు, కలప లారీల తనిఖీ. ఆటలోని రేంజర్‌కు ఆయనకంటే నల్లమల చెంచు దగ్గరి చుట్టం. శ్రీశైలం అడవుల్లో పులి జాడ తీయడానికి అటవీ శాఖ చెంచులను పనిలో పెట్టుకుంటుంది. మట్టి మీది పంజా గుర్తు చూసి పులి ఎటు వెళ్లిందో చెప్పే ఆ విద్యనే ఈ ఆటలో పాచికలు వేసి ఆడతారు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, వారిని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావారిది తలా ఒక పాత్ర. తలపెట్టిన పని గట్టెక్కేదీ లేనిదీ 20 ముఖాల పాచిక తేలుస్తుంది. పాచికలకు తలరాత అప్పగించడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. ధర్మరాజు సర్వస్వం ఓడిన హస్తినాపురం పేరు మోస్తున్న ఊరు ఇవాళ మేరఠ్ జిల్లాలో, రాజధాని ప్రాంత హద్దుల లోపలే ఉంది. వేదకాలంలో పాచికలంటే తానికాయలు. వాటికి 20 ముఖాలు లేకపోయినా కొంపలు ముంచే శక్తికి లోటు లేదు.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లకు చదువుకో ఉద్యోగానికో చేరిన తెలుగు కుర్రకారుకు ఈ పాత్ర తెరమీదుగా పరిచయమయ్యే దారులు రెండున్నాయి. 2016లో మొదలైన స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్‌లో లూకస్ అనే పిల్లవాడు తమ జట్టులో రేంజర్. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్‌లో రేంజర్‌గా ఆడవచ్చు. తెర వదిలి బల్ల ముందుకు వచ్చినవారిని రెండు ప్రశ్నలు ఎదుర్కొంటాయి. 2వ స్థాయిలో పోరు శైలి ఎంచుకోవాలి, 3వ స్థాయిలో ఉపవర్గం ఎంచుకోవాలి. మొదటిది చాలావరకు లెక్క. రెండోది నేల, అంటే కథ జరిగే చోటు. రెండింటినీ లెక్కగానే చూసినవారే తరచుగా రేంజర్‌ను పసలేని వర్గమని తిట్టుకుంటారు.

పుట్టుక

గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఈ ఆట 1974లో అచ్చయింది. మరుసటి ఏడాది వేసవిలో ది స్ట్రాటెజిక్ రివ్యూ రెండో సంచికలో జో ఫిషర్ రేంజర్‌ను ప్రవేశపెట్టాడు. టోల్కీన్ నవలలోని ఆరగార్న్ దానికి మూలం. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అది యోధుడి కింద ఉపవర్గంగా స్థిరపడింది. ఆ నిబంధనలు చదువుతుంటే ఆరగార్న్ ముఖం కనబడుతూనే ఉంటుంది. మహాకాయుల జాతుల మీద అదనపు దెబ్బ, దూరాన జరిగేది చూపే స్ఫటిక గోళాలు వాడగలగడం, మోయగలిగినంతకు మించి ఆస్తి పెట్టుకోకూడదనే కట్టుబాటు, ముగ్గురికి మించి రేంజర్లు ఒకచోట కలిసి తిరగకూడదనే షరతు. ఒక మనిషి జీవితచరిత్రను నిబంధనలుగా కోసి అతికించినట్టు ఉంటుంది.

రెండు చేతుల్లో రెండు కత్తులు మాత్రం ఆరగార్న్‌వి కావు. 1989 నాటి రెండో కూర్పు రేంజర్‌కు ఆ విద్య ఇచ్చింది. అంతకు ముందు ఏడాదే ఆర్. ఎ. సాల్వటోర్ రాసిన ది క్రిస్టల్ షార్డ్ నవలలో డ్రిజ్ట్ అనే రేంజర్ రెండు వంపు కత్తులతో ప్రత్యక్షమయ్యాడు. ఆ నవల వల్లే నియమం మారిందని ఆటగాళ్లలో ఒక గట్టి నమ్మకం. 2003 నాటి సవరణ కూర్పు విల్లా, రెండు కత్తులా అన్నది ఆటగాడికే వదిలింది. 2008 నాటి నాలుగో కూర్పు మంత్రాలను తీసేసి రేంజర్‌ను పూర్తిగా ఆయుధాల మనిషిని చేసింది. 2014 నాటి అయిదో కూర్పులో మంత్రాలు తిరిగొచ్చాయి, పోరు శైలీ ఉపవర్గమూ వేరువేరు నిర్ణయాలయ్యాయి.

విల్లు, రెండు చేతులు, అడవి: ఈ మూడూ ఒకే మనిషిలో మనకు ముందే ఉన్నాయి. ఎడమచేత్తోనూ బాణం వేయగలడు కాబట్టి అర్జునుడు సవ్యసాచి. అయితే ఇంద్రప్రస్థం పక్కనున్న ఖాండవవనాన్ని తగలబెట్టడానికి తోడ్పడ్డవాడు కూడా అతనే. అడవిని కాచేవాడే రేంజర్ అనుకుంటే ఢిల్లీ పాతకథలో రేంజర్ పాత్ర అర్జునుడిది కాదు, పడగలు మాడిన నాగులదే.

ఢిల్లీకి గడి లేదు

2014 నిబంధనల్లో రేంజర్ 1వ స్థాయిలోనే తనకు అచ్చొచ్చిన నేల ఒకటి ఎంచుకోవాలి. జాబితాలో మంచు ప్రాంతం, సముద్ర తీరం, ఎడారి, అడవి, గడ్డి మైదానం, కొండలు, చిత్తడి నేల, అండర్‌డార్క్ అనే పాతాళం ఉన్నాయి. నగరం లేదు. కథ చాందినీ చౌక్ సందుల్లో జరిగితే 1వ స్థాయి వరాల్లో ఒకటి మూలన పడినట్టే. రేంజర్ మీద వచ్చిన ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే. నేల కలిసొస్తే దారి తప్పడమే ఉండదు, కలిసిరాకపోతే పక్కనున్న యోధుడికంటే వెనకబడతాడు. తప్పు ఆటగాడిది కాదు, కథకుడు ఏ పటం పరిచాడన్న దానిది.

నిజానికి ఢిల్లీ ఈ జాబితా అనుకున్నంత పచ్చిక లేని ఊరేమీ కాదు. ఆరావళి కొండల తోక రిడ్జ్ పేరుతో నగరం మధ్య దాకా వచ్చి ఆగుతుంది. దక్షిణపు కొసన అసోలా భట్టీ అభయారణ్యం, ఒకప్పుడు ఇసుక, రాయి తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిండిన చోటు. అక్కడ చిరుతలు, దుమ్ములగొండ్లు, మనుబోతులు తిరుగుతాయి. రిడ్జ్‌లో చాలా మేర ఆక్రమించింది మనం సర్కారు తుమ్మ అనే చెట్టే. అనంతపురం నుంచి వచ్చినవాడికి ఆ ముళ్లు పాత పరిచయస్తులు. హద్దు దాటి ఫరీదాబాద్ వైపు వెళ్తే మాంగర్ బనీ వస్తుంది. ఒక బాబా పేరున కొమ్మ విరవకుండా ఊళ్లవాళ్లు కాపాడుకుంటున్న ధౌ చెట్ల వనం అది. గురుగ్రామ్ జిల్లాలో సుల్తాన్‌పూర్ చిత్తడి నేల, యమున మీద ఓఖ్లా పక్షుల నెలవు. అడవి, కొండ, గడ్డి, చిత్తడి నాలుగూ మెట్రో టికెట్టూ ఆటో చార్జీల దూరంలో ఉన్నాయి.

2020లో వచ్చిన తాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ ఈ ముడిని వేరే రకంగా విప్పింది. అచ్చొచ్చిన నేల బదులు ఒక నైపుణ్యంలో రెట్టింపు ప్రావీణ్యం, అదనంగా రెండు భాషలు తీసుకోవచ్చంది. రెండు భాషలు! గుంటూరు నుంచి వచ్చి లాజ్‌పత్ నగర్‌లో అద్దెకు దిగినవాడు ఆరు నెలల్లో సంపాదించేదీ అదే: ఆఫీసు హిందీ, ఇంటి యజమాని పంజాబీ.

ఉపవర్గాలు

2014లో హంటర్, బీస్ట్ మాస్టర్ రెండే ఉండేవి. 2017 నాటి జానథర్స్ గైడ్ గ్లూమ్ స్టాకర్, హొరైజన్ వాకర్, మాన్‌స్టర్ స్లేయర్‌లను చేర్చింది. తాషాస్ వల్ల ఫే వాండరర్, స్వార్మ్‌కీపర్ వచ్చాయి. 2021లో డ్రేక్‌వార్డెన్. 2024 నాటి కొత్త హ్యాండ్‌బుక్ వీటిలో హంటర్, బీస్ట్ మాస్టర్, గ్లూమ్ స్టాకర్, ఫే వాండరర్ నాలుగింటినే తీసుకుంది.

చేతిలో పుస్తకం లేనివారికి దొరికేది హంటర్. 2023 జనవరిలో ప్రచురణకర్తలు క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా విడుదల చేసిన మూల నిబంధనల్లో రేంజర్‌కు ఉన్న ఉపవర్గం అదొక్కటే. 3వ స్థాయిలో మూడు వరాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఎక్కువమంది తీసుకునేది కొలోసస్ స్లేయర్. అప్పటికే గాయపడ్డ శత్రువుకు వరుసకోసారి, అంటే పోరులో తన వంతు వచ్చినప్పుడల్లా ఒకసారి, ఎనిమిది ముఖాల పాచికంత అదనపు దెబ్బ. హంటర్‌కు ఏ నేలతోనూ పేచీ లేదు. ఏ కథ నడుస్తుందో తెలియనప్పుడు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, ఆ మాటకొస్తే దానికి మించిన ముచ్చటా అందులో లేదు.

గ్లూమ్ స్టాకర్ పేరు వినని రేంజర్ అభిమాని ఉండడు. 2017 నాటి రూపంలో పోరు మొదలైన తొలి వరుసలో ఒక దెబ్బ ఎక్కువ, అది తగిలితే ఎనిమిది ముఖాల పాచిక అదనం, ఎవరు ముందన్న పోటీలో వివేకపు (విజ్‌డమ్) అంకె కూడా కలుస్తుంది. చీకటిలో చూడగలిగే జీవులకు ఆ చీకటిలో ఇతను కనిపించడు. ఈ చివరి వాక్యాన్ని చాలామంది సగమే చదువుతారు. చీకటి ఉండాలి, ఎదుటివాడు కేవలం చీకటి చూపు మీదే ఆధారపడి ఉండాలి. భట్టీ గుంతల్లోనో, తుగ్లకాబాద్ కోట కింద సొరంగాల్లోనో భూతాలను వేటాడే కథ అయితే ఇంతకు మించిన ఉపవర్గం లేదు. కథలో శత్రువులు టార్చి పట్టుకున్న మనుషులైతే, పోరు వీధి దీపాల కింద జరిగితే ఆ మాయ పనిచేయదు. హౌజ్ ఖాస్ మెట్రో ఎంత లోతున ఉన్నా ట్యూబులైట్ల కింద గ్లూమ్ స్టాకర్ మామూలు విలుకాడే.

బీస్ట్ మాస్టర్ కథ వేరు. 2014లో తోడు జంతువు చేత దెబ్బ వేయించాలంటే తన దెబ్బ మానుకోవాలి. దాని ప్రాణం కూడా అంతంతే. 5వ స్థాయిలో 20 హిట్ పాయింట్లు ఉంటే గొప్ప. జంతువును ప్రేమించి తీసుకున్నవాళ్లు రెండో వారానికి దాన్ని పాతిపెట్టేవాళ్లు. తాషాస్ దీన్ని మొత్తంగా తిరగరాసింది. నేల జంతువు, నీటి జంతువు, ఆకాశ జంతువు అని మూడు మూసలు పెట్టింది. 5వ స్థాయిలో నేల జంతువుకు 30, ఆకాశ జంతువుకు 24 హిట్ పాయింట్లు. చచ్చిపోతే గంటలోపు ఒక మంత్రశక్తి ఖర్చు పెట్టి లేపుకోవచ్చు. ఢిల్లీలో ఆకాశ జంతువంటే మరో ఆలోచన లేదు: గద్ద. పాత ఢిల్లీలో గద్దలకు మాంసం ముక్కలు ఎగరేసే ఆచారం ఉంది. గాజీపూర్ చెత్తకొండ మీద అవి సుడులు తిరుగుతుంటాయి. గాలిపటాల మాంజా తగిలి గాయపడ్డ గద్దలకు వజీరాబాద్‌లో వైద్యం చేసే అన్నదమ్ముల మీద శౌనక్ సేన్ తీసిన ఆల్ దట్ బ్రీత్స్ డాక్యుమెంటరీ 2022లో వచ్చింది. బీస్ట్ మాస్టర్ ఆడబోయేవారు నిబంధనల పుస్తకానికంటే ముందు ఆ సినిమా చూడటం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఫే వాండరర్ మాటకారి. మాటలతో ఒప్పించే పాచికలకు వివేకపు అంకె కలుపుకుంటాడు, ఆయుధం తగిలినప్పుడు మనసును కూడా కాస్త గాయపరుస్తాడు. అడవి కన్నా దర్గాలు, దర్బార్లు, ఆఫీసులు ఎక్కువున్న కథలో ఇతనే సరైనవాడు. ఫిరోజ్ షా కోట్లా శిథిలాల్లో గురువారాలు జిన్నులకు అర్జీలు రాసి పెట్టే వాడుక ఇప్పటికీ ఉంది. కంటికి కనబడని ప్రభువులకు కాగితం మీద విన్నపాలు, జిరాక్సు కాపీలతో సహా. రాజధానికి తగ్గ ఆరాధనే. ఆ అర్జీల్లో ఒకదానికి జవాబు వస్తే ఏమవుతుందన్న కథకు ఫే వాండరర్ కథానాయకుడు.

మాన్‌స్టర్ స్లేయర్ ఒక్క మృగం వెంట పడే మనిషి. దాన్ని ఏది గాయపరచలేదో ముందే కనిపెడతాడు. 2001 మేలో ఢిల్లీని నిద్రపోనివ్వని నల్ల కోతి మనిషి వదంతి అతనికి చేతికందే ముడిసరుకు. స్వార్మ్‌కీపర్ చుట్టూ చిన్న జీవాల గుంపు ఎగురుతుంది. అది కుట్టగలదు, శత్రువును 15 అడుగులు నెట్టగలదు, తనను 5 అడుగులు జరపగలదు. నెట్టడమే అసలు బలం, దిగుడుబావి మెట్ల అంచున ఆడితే తెలుస్తుంది. హొరైజన్ వాకర్ లోకాల మధ్య ద్వారాలున్న కథకే పనికొస్తాడు. డ్రేక్‌వార్డెన్‌కు తోడుండే పిల్ల డ్రాగన్ రేంజర్‌తోపాటు ఎదిగి 15వ స్థాయికి అతన్ని ఎక్కించుకుని ఎగురుతుంది. అంత దాకా సాగే ఆట బల్లలు తక్కువ.

ఈ ఆట పుస్తకాల్లో మన దేశం ఉన్నది కొద్దిగానే. 1980 నాటి డైటీస్ అండ్ డెమిగాడ్స్‌లో భారతీయ దేవతలకు ఒక అధ్యాయం దక్కింది. 2022లో జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్ సంపుటికి మిమి మండల్ బెంగాల్ ఛాయలున్న నదీతీరపు కథ రాసింది. ఢిల్లీ పటం మాత్రం బల్ల దగ్గర కూర్చున్నవారే గీసుకోవాలి.

పోరు శైలి: లెక్క

2014 పుస్తకంలో రేంజర్‌కు నాలుగు శైలులు. ఆర్చరీ విల్లు పాచికకు 2 కలుపుతుంది. డిఫెన్స్ కవచం తొడిగినప్పుడు ఏసీ అనే రక్షణ అంకెను 1 పెంచుతుంది. డ్యూయలింగ్ ఒంటిచేతి కత్తి దెబ్బకు 2 కలుపుతుంది. టూ వెపన్ ఫైటింగ్ రెండో చేతి దెబ్బకు కూడా ఒడుపు (డెక్స్‌టెరిటీ) అంకెను ఇస్తుంది.

ఒక ఉదాహరణ. 5వ స్థాయి రేంజర్, ఒడుపు 18 కాబట్టి 4, ప్రావీణ్యం 3, కలిపి 7. ఎదుటివాడి ఏసీ 16. పాచిక మీద 9 లేదా ఆపైన పడితే తగులుతుంది, అంటే నూటికి 60. ఆర్చరీ ఉంటే 70. శత్రువును హంటర్స్ మార్క్ మంత్రంతో గుర్తుపెట్టాడనుకుందాం, ప్రతి దెబ్బకూ ఆరు ముఖాల పాచిక అదనం. 20 పడితే వచ్చే రెట్టింపును పక్కన పెడితే పెద్ద విల్లు దెబ్బ సగటు 12. వరుసకు రెండు బాణాలు, శైలి లేకుండా 14.4, ఆర్చరీతో 16.8. ఒంటి రేపియర్‌తో డ్యూయలింగ్ అయితే దెబ్బ సగటు 14, వరుసకు మళ్లీ 16.8. పైగా రెండో చేతిలో డాలు పట్టవచ్చు. దెబ్బ లెక్కలో విల్లుకూ కత్తికీ తేడా లేదు. తేడా ఎంత దూరంలో నిలబడ్డారన్నదే.

రెండు పొట్టి కత్తులతో వరుసకు మూడు దెబ్బలు, సగటున 19.8. చూడగానే ఇదే గెలిచినట్టుంది. కానీ రెండో చేతి దెబ్బకూ, గుర్తు పెట్టడానికీ, గుర్తును మరొకరి మీదికి మార్చడానికీ కావలసింది ఒకటే బోనస్ యాక్షన్, వరుసకు ఒక్కటే దొరుకుతుంది. గుర్తు పెట్టిన వరుసలో దెబ్బలు రెండే, 13.2. ఒకే పెద్ద శత్రువు ముందుంటే మూడు వరుసల్లో కత్తులకు 52.8, ఆర్చరీకి 50.4. ప్రతి వరుసా కొత్త శత్రువు మీదికి గుర్తు మార్చాల్సి వస్తే కత్తులకు 39.6, విల్లుకు అదే 50.4. చిల్లర మూక ఎదురయ్యే కథలో రెండు కత్తులు తెలియకుండానే నష్టం చేస్తాయి. తాషాస్ నాటి బీస్ట్ మాస్టర్ జంతువుకు ఆజ్ఞ ఇవ్వడానికి కూడా ఆ బోనస్ యాక్షనే అడుగుతాడు. గద్దను పెంచుకున్నవాడు రెండు కత్తులు పట్టడం ఒకే పళ్లెంలో ముగ్గురికి వడ్డించడం లాంటిది. 2024 నిబంధనల్లో సిమిటార్ వంటి కత్తులకు నిక్ అనే గుణం వచ్చింది. దానితో మూడో దెబ్బ బోనస్ యాక్షన్ అడగదు, ఈ తగువు చాలావరకు తీరింది.

ఉపవర్గాన్నీ ఇదే విల్లుతో తూచవచ్చు. గ్లూమ్ స్టాకర్ తొలి వరుసలో 28కి పైగా కొట్టి తర్వాత 16.8కి దిగిపోతాడు, లాభం మొత్తం దాదాపు 11.5. మిత్రులు ముందే గాయపరచిన శత్రువు మీద హంటర్ వరుసకు దాదాపు 4 అదనంగా పొందుతాడు, మూడు వరుసలకు 12. ఇద్దరూ ఒక్కటే. పోరు నాలుగో వరుసకు సాగితే హంటర్ ముందుంటాడు.

తాషాస్ చేర్చిన శైలుల్లో రెండింటికి ఢిల్లీలో చోటుంది. బ్లైండ్ ఫైటింగ్‌తో 10 అడుగుల లోపల కళ్లతో పని లేకుండా ఎదుటివారిని పసిగట్టవచ్చు. డిసెంబరు, జనవరి పొగమంచులో యమున ఒడ్డున ఆడే ఘట్టానికి అది చాలు, రేంజర్ తనంతట తానే ఫాగ్ క్లౌడ్ మంత్రంతో మంచు కురిపించుకోవచ్చు కూడా. విలుకాడికి మాత్రం 10 అడుగులు ఏ మూలకు? డ్రూయిడిక్ వారియర్ రెండు చిన్న మంత్రాలిస్తుంది. వాటిలో షిలేలీ తీసుకుంటే మామూలు కర్రను బలంతో కాక వివేకంతో తిప్పవచ్చు. కర్రసాము తెలిసిన తాత పాత్రకు, వివేకమే పెట్టుబడి అయిన ఫే వాండరర్‌కు ఇది బాగా అమరుతుంది. కర్రను మంత్రించడానికీ బోనస్ యాక్షనే కావాలన్నది మరవకూడదు. మూడోదైన విసురు ఆయుధాల శైలి ఈటెలవాళ్లకు.

మార్చుకోవడం

ఒకసారి పట్టిన శైలిని చివరిదాకా మోయాలన్నది 2014 నాటి మాట. 4, 8, 12, 16, 19 స్థాయిల్లో దేనిలోనైనా దాన్ని వదిలి మరొకటి తీసుకునే వెసులుబాటును తాషాస్ ఇచ్చింది, కథకుడు ఒప్పుకుంటే. అలా మధ్యలో మారాల్సి వచ్చిన విలుకాడు ఈ ప్రాంతపు కథల్లోనూ ఉన్నాడు. గురుగ్రామ్ పేరులోని గురువు ద్రోణుడేనని స్థానికుల నమ్మకం. ఆ నగరంలోనే ఖాండ్సా ఊళ్లో ఏకలవ్యుడికి గుడి ఉంది. గురువు బొమ్మ ముందు ఒంటరిగా విద్య పట్టి, మొరిగే కుక్క నోటిని గాయం కాకుండా బాణాలతో నింపినవాడు, ఆ తర్వాత బొటనవేలు లేకుండా మిగిలిన వేళ్లతోనే బాణం వేశాడు, మునుపటి వేగం లేకుండా. ఆర్చరీ శైలితో మొదలుపెట్టిన పాత్రకు కథలో చేయి దెబ్బతింటే, ఆ స్థాయిల్లో తర్వాతిది వచ్చినప్పుడు కర్ర పట్టించడానికి నిబంధన ఉంది.